కాయలో నీళ్ళు, కిటికీలో నీళ్ళు

మాది అంబాజీపేట పక్క ఊరు. ముప్పై ఏళ్ళుగా కొబ్బరి వ్యాపారం. కాయని చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఊపితే లోపల నీళ్ళెంతున్నాయో, కురిడీకి (కాయలోనే ఎండిన కొబ్బరికి) పనికొస్తుందో లేదో చెప్పేస్తాను. అలాంటివాణ్ణి, సొంతింట్లో కిటికీ అద్దాల మధ్య నీళ్ళు పట్టి ఏడాది దాటినా అదేం జబ్బో పోల్చుకోలేకపోయాను.

2021లో డాబా మీద ఒక గది వేశాం. డబుల్ గ్లేజింగ్ కిటికీలు, అంటే రెండద్దాలు జంటగా ఉండేవి, పెట్టిస్తే ఏసీ కరెంటు తగ్గుతుంది, మైకుల మోత వినపడదు అని హైదరాబాదు నుంచి మా అబ్బాయి ఒకటే పోరు. కార్తీకమాసంలో మా వీధి గుడి మైకు విన్నవాళ్ళెవరూ వాణ్ణి తప్పుపట్టరు. పక్క టౌనులో ఒక దుకాణానికి ఆర్డరిచ్చాం. బిల్లు మీద ఒకే ఒక్క లైను: ‘యూపీవీసీ కిటికీలు 5, ఫిట్టింగుతో’. యూపీవీసీ అంటే గట్టి ప్లాస్టిక్ ఫ్రేము. అద్దం మందమెంత, టఫెన్‌డ్ (కాల్చి గట్టిపరిచిన రకం) అవునా కాదా, ఏ ఫ్యాక్టరీలో చేశారు, ఏమీ లేదు. నేనూ అడగలేదు. కురిడీలో మేలు రకం గండేరా అని రాసి, తక్కువ రకం గటగట పంపిస్తే అవతలి సేటు లారీని వెనక్కి తిప్పేస్తాడు. ఆపాటి బుద్ధి నాకు సొంతింటి విషయంలో లేకపోయింది.

రెండో వానాకాలం తర్వాత పడమటి కిటికీలో కింది అంచున మసక మొదలైంది. మా ఆవిడ లోపల తుడిచింది, సన్‌షేడు మీదికి పనివాణ్ణి ఎక్కించి బయటా తుడిపించింది. మసక ఉన్నది రెండద్దాల నడుమ, గుడ్డ అక్కడికెలా పోతుంది? షాపాయనకి ఫోన్ చేస్తే “ఎండలకి ఆరిపోద్దండీ, ఆయ్” అన్నాడు. నిజమే, వేసవికి ఆరింది. ఆరాక ఉప్పుమడిలో మిగిలినట్టు తెల్లటి చారలు మిగిలాయి.

2024 మే నెల. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతం. కింద పెరట్లో నా పాత పంచె పరిచి మా ఆవిడ మాగాయ ముక్కలు ఆరబెట్టింది. ముక్కలు తిరగేసి అప్పుడే వంటింట్లోకి వెళ్ళింది. టపాకాయ పేలినట్టు ఒక్క చప్పుడు. బయటికొచ్చి చూస్తే తూర్పు కిటికీ బయటి అద్దం లేదు. అదంతా సన్‌షేడు మీదా, పెరట్లోనూ, పంచె మీదా ఉంది. ముక్కల మధ్య ఏది కళ్ళుప్పో ఏది గాజో ఎండలో తెలిస్తే ఒట్టు. రెండూ ఒకే సైజు, ఒకే మెరుపు. మా ఆవిడ ఒక ముక్క తీసి వేళ్ళతో నలిపి చూడబోయింది, నేను కేకేసి చెయ్యి పట్టుకున్నాను. వంద కాయల మాగాయ పంచెతో సహా మూటగట్టి పారేశాం. ఆవిడ ఆ రోజు అన్నం తినలేదు.

మర్నాడు షాపు నుంచి మనిషొచ్చాడు. పైకి చూసి, పక్కకి చూసి, “కొబ్బరికాయ పడుంటాదండీ” అన్నాడు. నలభై అడుగుల దూరంలో ఉన్న చెట్టు నుంచి కాయ అడ్డంగా ఎగురుకుంటూ వచ్చి మేడ మీద కిటికీకి తగిలిందట. ఆ మాట నాతో! కాయేదీ అని అడిగితే, రాయి విసిరుంటారన్నాడు. చివరికి ఒక కార్డు తీశాడు. పదేళ్ళ వారంటీ ఉంది, కానీ ఫ్రేము రంగుకి మాత్రమే.

మా మేనల్లుడు విశాఖలో అద్దాల బిగింపు పని చేయిస్తాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఆ ఊరి అద్దాలని ఏం చేసిందో కళ్ళారా చూసినవాడు. వాణ్ణి పిలిపించాను. వాడు ముందు కిటికీ కింది పట్టీ బయటివైపు వేలితో తడిమి, స్క్రూడ్రైవరు పెట్టి పొడిచాడు. సిలికాన్ ముద్ద ఊడొచ్చింది. దాని వెనక బొటనవేలి గోరంత పొడుగు రంధ్రం. ఫ్రేములోకి దిగిన వాననీళ్ళు బయటికి పోవడానికి ఫ్యాక్టరీలోనే పెట్టే రంధ్రమట. బిగించినవాడు నీళ్ళు లోపలికొస్తాయని అన్నిటినీ మూసేశాడు. దాంతో మూడు వానాకాలాలు అద్దాల అడుగంచు నీళ్ళలో నానింది. రెండద్దాల మధ్య చుట్టూ ఒక అల్యూమినియం పట్టీ ఉంటుంది, దాన్లో సగ్గుబియ్యంలాంటి గుళికలు. అంచున రెండు వరసల సీలు దాటి వచ్చే కొద్దిపాటి తేమని పీల్చడం వాటి పని. సీలు నానిపోతే గుళికలు తాగి తాగి నిండిపోతాయి, ఆ తర్వాత తేమ అద్దం మీద కూర్చుంటుంది. బిగించిన రోజు గదంతా పులిసిన వాసనొచ్చిందని మా ఆవిడ గుర్తు చేసింది. వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ ఈ సీళ్ళకి పడదట, వాసన లేని న్యూట్రల్ రకం వాడాలట. ఇంత చిన్న విషయం.

పేలిన కిటికీ కథ వేరు. టఫెన్‌డ్ అద్దాన్ని ఆరు వందల డిగ్రీలు దాటేలా కాల్చి ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. అందుకే మామూలు అద్దానికి నాలుగైదు రెట్లు గట్టి, పగిలినా కత్తుల్లా కాకుండా పలుకులుగా రాలుతుంది. కానీ అద్దంలో కంటికానని నికెల్ సల్ఫైడ్ నలుసు ఇరుక్కుంటే, అది ఏళ్ళ తరబడి నెమ్మదిగా ఉబ్బి, ఏ ఎండపూటో ఎవరూ ముట్టకుండానే పేలుస్తుంది. ఫ్యాక్టరీలోనే మళ్ళీ 260–290 డిగ్రీల వేడిలో ఉంచి చూస్తే అలాంటివి చాలావరకు అక్కడే పగిలిపోతాయి. హీట్ సోక్ అంటారు. మా అద్దానికి చేశారా? బిల్లు మీద రాసుంటే కదా అడగడానికి! నలుసు వల్ల పగిలితే మొదలైన చోట సీతాకోకచిలుక రెక్కల్లా రెండు పెద్ద ముక్కలు దొరుకుతాయని మేనల్లుడన్నాడు. నేను అప్పటికే గాజంతా ఊడ్పించి, గొయ్యి తీయించి పాతిపెట్టించాను. సాక్ష్యాన్ని నా చేతులతో నేనే పూడ్చుకున్నాను.

బరువు లెక్క కూడా వాడే చెప్పాడు. మిల్లీమీటరు మందాన చదరపు మీటరు అద్దం రెండున్నర కిలోలు. మాది నాలుగడుగులకి నాలుగడుగులు, అయిదు మిల్లీమీటర్లవి రెండు. అంటే 37 కిలోలు, అర సిమెంటు బస్తా పైన! పలుకులే కదా అనుకోకండి, అతుక్కున్న పెళ్ళలుగా కూడా రాలతాయి. కింద మనుషులు తిరిగే చోట బయటివైపు లామినేటెడ్ ఉండాలని, పగిలినా మధ్య పొర పట్టుకుని ఆపుతుందని అప్పుడు తెలిసింది. 1996 నవంబరు 6 తుఫాను చూసిన ఊరు మాది. మా తీరానికి గాలి కోడ్, అంటే కట్టడాల మీద గాలి దెబ్బ లెక్క చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం, సెకనుకు 50 మీటర్ల వేగం లెక్కేసుకోమంటుంది. మా కిటికీలకి ఆ లెక్క ఎవరు వేశారు? షాపాయన వేసింది చదరపు అడుగు లెక్క ఒక్కటే.

ప్రమాణాలు లేక కాదు. సేఫ్టీ గ్లాసుకి ఐఎస్ 2553 ఉంది, మనుషులు తగిలే అద్దాలకి ఐఎస్ 16231 నాలుగో భాగం ఉంది. సేఫ్టీ గ్లాసుకి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరంటూ 2020లో కేంద్రం ఉత్తర్విచ్చింది, తర్వాత గడువు పొడిగిస్తూ పోయింది. గుర్తు కింద ఉండే సీఎం/ఎల్ నంబరుని ఆ గుర్తిచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో తెలుస్తుంది. మిగిలిన నాలుగు కిటికీల్లో టార్చి వేసి మూలమూలా వెతికాను. ఎక్కడా ఏ ముద్రా లేదు.

షాపాయన ఫ్రేము కట్టినవాడి మీదికి తోశాడు, అతను అద్దం కాల్చినవాడి మీదికి. కాల్చినవాడి పేరు మాత్రం ఇద్దరూ చెప్పరు. ఇక్కడే 2019 వినియోగదారుల చట్టం పనికొచ్చింది. సెక్షన్ 86 ప్రకారం తయారీదారు ఎవరో తెలియకపోతే ఆ బాధ్యత అమ్మినవాడి మెడకే చుట్టుకుంటుంది. బిగింపులో లోపానికి సెక్షన్ 85 వేరే ఉంది. ఇంకో తమాషా. ఈ చట్టంలో ‘హాని’ అంటే, ఆస్తి వరకు చూస్తే, ఆ వస్తువు కాకుండా మిగతా ఆస్తికి జరిగిన నష్టం. అంటే ఆ లెక్కలోకి పేలిన అద్దం రాదు గానీ మా ఆవిడ మాగాయ వస్తుంది. అద్దాన్ని లోపమున్న సరుకు కింద విడిగా అడగాలి. ఆవిడకి చట్టం మీద గౌరవం పెరిగింది. సరుకు ఖరీదు 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు, గడువు రెండేళ్ళు.

ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. తర్వాత లాయరు చేత నోటీసు. ఇరవై రోజులకి షాపాయన ఇంటికొచ్చి కాఫీ తాగి, తూర్పుదీ పడమటిదీ రెండూ మారుస్తానన్నాడు. లామినేటెడ్‌కయ్యే తేడా నేనిచ్చాను. మందం, రకం, ఫ్యాక్టరీ పేరు, లైసెన్సు నంబరు బిల్లు మీద రాస్తేనే ఇస్తానన్నాను. మొహం మాడ్చుకుని రాశాడు. మాగాయ డబ్బుల దగ్గర మాత్రం నవ్వేసి ఊరుకున్నాడు.

కొత్త అద్దాలు బిగించిన రోజు మా ఆవిడ కుర్చీ వేసుకుని అక్కడే కూర్చుంది. ఆఖర్న కుర్రాడు సిలికాన్ గన్ను పట్టుకుని కింది పట్టీ మీదికి వంగాడు.

“ఆ కన్నాలు ముయ్యకు బాబూ.”

“వాన లోపలికొచ్చేత్తాదమ్మగారూ.”

ఆవిడ లేచి, చెంబుడు నీళ్ళు తెచ్చి, కిటికీ పట్టీలో పోసింది. నీళ్ళు ఆ కన్నాల్లోంచి బయటికి కారి, సన్‌షేడు మీదుగా పెరట్లోకి పోయాయి. కుర్రాడు గన్ను పక్కన పెట్టి, ఇంకో చెంబు అడిగాడు.