ఆ ఒక్క ఇన్‌క్లూడ్ లైను

పదకొండు దాటింది. బెజవాడ ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు. అత్తయ్య లైటు ఆపమని రెండోసారి కేకేసింది. ఇది రాస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

సి భాషలో చాలా ఫైళ్లు పంచుకునే ప్రకటనల ఫైలు హెడర్, దాన్ని లోపలికి తెచ్చే లైను ఇన్‌క్లూడ్. ఒక హెడర్‌లో ఎవరికీ అక్కర్లేదనిపించిన ఒక్క ఇన్‌క్లూడ్ తీస్తే, దాంతో సంబంధమే లేని నాలుగు సి ఫైళ్లు యూఇంట్32_టీ అనే సంఖ్యా రకం తెలీదన్నాయి. దాన్నిచ్చే ఎస్‌టీడీఇంట్ డాట్ హెచ్ వాటికి ఈ హెడర్ చాటు నుంచే అందుతోంది మరి. ఏ ఫైలుకు కావాల్సింది ఆ ఫైలే తెచ్చుకోవాలి కదా!

అసలు జబ్బు మా ప్రాజెక్టులోని కామన్ డాట్ హెచ్ అనే హెడర్. ఎవరికేం కావాల్సొచ్చినా అందులో పడేయడమే. అందులో ఒక కామెంటు మార్చినా మేక్ (బిల్డ్ నడిపే టూలు) ప్రాజెక్టంతా మళ్లీ కంపైల్ చేస్తుంది. అది చూసేది ఫైలు టైమునే, లోపల మారిందేంటో దానికి పట్టదు. 'ఇఫ్ఎన్‌డెఫ్ గార్డు ఉందిగా' అంటారు. గార్డు ఆపేది ఒక సి ఫైలు కంపైలయ్యేటప్పుడు అదే హెడర్ రెండోసారి రావడాన్ని. 200 సి ఫైళ్లుంటే 200 సార్లూ చదవాల్సిందే. పైగా హెడర్‌ని కాపీ కొట్టి గార్డు పేరు మార్చడం మర్చిపోతే, రెండూ ఒకే సి ఫైల్లోకి వచ్చినప్పుడు రెండోదాంట్లో ఉన్నదంతా చప్పుడు లేకుండా మాయం.

రేపు కూర్చుని అన్నీ ఊడ్చేద్దామనుకున్నా. ఇంతలో 2022 జనవరి గుర్తొచ్చింది. లినక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) హెడర్ల చిక్కు విప్పడానికి కెర్నెల్ డెవలపర్ ఇంగో మోల్నార్ ఏడాదికి పైగా కష్టపడి 2,200 పైచిలుకు కమిట్లు (కోడ్ మార్పులు) బయటపెట్టారు. బిల్డ్ వేగం బాగా పెరిగింది. అయినా అంత పెద్ద మూట ఉన్నది ఉన్నట్టు కెర్నెల్లో కలవలేదు. అంతటివారికే అలాగైతే, ఒకేసారి ఊడ్చడం వద్దు.

కావాల్సిన ఇన్‌క్లూడ్లు ముందు చేర్చాలి, తర్వాతే అక్కర్లేనివి తీయాలి. ప్రతి సి ఫైల్లో మొట్టమొదటి ఇన్‌క్లూడ్ దాని సొంత హెడరే అవ్వాలి. ఆ హెడర్‌లో లోటుంటే అక్కడే పట్టుబడుతుంది. పాయింటర్ (చిరునామా) మాత్రమే వాడే చోట స్ట్రక్ట్ (కొన్ని విలువల్ని కలిపిన రకం) పేరు ముందుగా ప్రకటిస్తే చాలు. సైజు కావాలన్నా, లోపలి మెంబర్‌ని ముట్టుకోవాలన్నా మాత్రం పూర్తి నిర్వచనం ఉండాలి. జీసీసీ కంపైలర్‌కి మైనస్ పెద్ద హెచ్ (-H) ఇస్తే ఏది దేన్ని లాక్కొస్తోందో వరసగా చూపిస్తుంది, ఎన్ని చుక్కలుంటే అంత లోతు.

సి ఫైళ్లలో ఎక్కువైన ఇన్‌క్లూడ్ లైన్లు కూడా ఏరేయాలని పొద్దున గట్టిగా వాదించాను. ఇప్పుడు అక్కర్లేదనిపిస్తోంది. అక్కడి బరువు ఆ ఒక్క ఫైలుదే. హెడర్‌లోదైతే దాన్ని పిలిచిన ప్రతి ఫైలూ మోయాలి.

సాయంత్రం రెండు స్ట్రక్ట్‌లకు ముందస్తు ప్రకటన పెట్టాక బిల్డ్ తేలికైంది. హాయిగా ఉంది.

భయమంతా ఏ ఫీచర్లు ఉండాలో చెప్పే కాన్ఫిగ్ హెడర్ గురించే. అది కామన్ ద్వారా వస్తోంది. కామన్‌ని తీసేస్తే ఇఫ్‌డెఫ్‌లు (ఒక పేరు నిర్వచించి ఉందా అని చూసే లైన్లు) ఎర్రర్ ఇవ్వవు, ఆ ఫీచర్ లేదనుకుని ఎల్స్ వైపు వెళ్లిపోతాయి. బిల్డ్ పచ్చగానే ఉంటుంది. అందుకే ముందు ఫ్లాగులన్నిటికీ 0 లేదా 1 విలువ ఇచ్చి, ఇఫ్‌డెఫ్ బదులు ఇఫ్ రాసి, నిర్వచించని పేరు కనిపిస్తే చెప్పే డబ్ల్యూఅన్‌డెఫ్ వార్నింగు పెట్టాలి. అప్పటిదాకా కామన్ మీద చెయ్యి వెయ్యను.