5 మైనస్ అయితే 3 ఎందుకు కాలేదు? బీజగణితంతో నా అనుభవం

పోటీ పరీక్ష కోసం బీజగణితం మళ్లీ మొదటి నుంచీ పట్టాను. సరళ సమీకరణాల అధ్యాయం నిన్ననే అయింది. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

మొదటి పాఠాలు చకచకా సాగాయి. అక్షరం అంటే ఇంకా తెలియని సంఖ్య. సజాతి పదాలే కలుస్తాయి: 3ఎక్స్, 2ఎక్స్ కలిపితే 5ఎక్స్; కానీ 3ఎక్స్, 2వై కలవవు.

గొడవంతా 3ఎక్స్ + 5 = 20 దగ్గర. కోచింగ్ మాస్టారు "5 అటు వెళ్తే గుర్తు మారుతుంది" అంటూ 3ఎక్స్ = 15 రాశారు. తర్వాత 3ని అటు పంపి 15 కింద పెట్టారు. నేను లేచి అడిగాను: "సార్, అటు వెళ్తే గుర్తు మారాలి కదా, మరి 3 ఎందుకు మైనస్ 3 కాలేదు?" ఆయన చాక్‌పీస్ పట్టుకునే వెనక్కి తిరిగి, "ఏడో తరగతి పిల్లలు కూడా ఇలా అడగరు. రూల్ గుర్తుపెట్టుకోండి, చాలు" అన్నారు. క్లాసంతా నవ్వింది. అందరూ నాకంటే బాగా చిన్నవాళ్లు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కానీ నా ప్రశ్న సరైనదే, ఇప్పటికీ అదే అంటాను.

ఏ సంఖ్యా ఎటూ వెళ్లదు. సమాన గుర్తుకు రెండు వైపులా ఉన్నది ఒకే విలువ. రెండు వైపులా ఒకే పని చేస్తే ఆ సమానత్వం చెడదు. ఇక్కడ 5 కలిపి ఉంది కాబట్టి రెండు వైపులా 5 తీసేస్తాం. 3 కలిపి లేదు, గుణించి ఉంది. అందుకే రెండు వైపులా 3తో భాగిస్తాం. పక్షాంతరం, అంటే పదాన్ని అటు పంపడం, ఈ మధ్య వరుసను రాయకుండా దాటేయడమే. 9వ శతాబ్దంలో గణితజ్ఞుడు అల్ ఖ్వారిజ్మీ చెప్పిన పద్ధతీ ఇదే: తీసివేతలో ఉన్న పదాన్ని రెండు వైపులా కలపడం, రెండు వైపులా ఉన్న ఒకే రకం పదాలను సమానంగా తగ్గించడం. ఆ ఒక్క వరుస బోర్డు మీద రాయడానికి అర నిమిషం పట్టదు. పిల్లలు లెక్కలంటే భయపడుతున్నారని బాధపడే మాస్టార్లు ముందు ఆ అర నిమిషం ఇవ్వాలి.

బ్రాకెట్ ముందు మైనస్ కూడా ఇలాంటిదే. 7 − 2(ఎక్స్ − 3) = 3 తీసుకోండి. ఎక్స్ చోట 5 పెడితే తీసేయాల్సింది 2 × 2, అంటే 4. మనం 2ఎక్స్ తీశామంటే 10 తీసేసినట్టు, 6 ఎక్కువ పోయింది. ఆ 6 తిరిగి కలపాలి. అందుకే 7 − 2ఎక్స్ + 6 అవుతుంది. రెండు ఋణాల (మైనస్ సంఖ్యల) లబ్ధం ధనం (ప్లస్) అని మన గణితజ్ఞుడు బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లోనే సూత్రం ఇచ్చాడు. మనవాళ్లు దాన్ని వల్లె వేయిస్తారు తప్ప ఇలా చూపించరు.

జవాబులు మాత్రమే ఉన్న గైడ్లు కొనకండి. వచ్చిన విలువను మొదటి సమీకరణంలో ప్రతిక్షేపించి, అంటే ఎక్స్ చోట పెట్టి, చూసుకుంటే ఏ గైడూ అక్కర్లేదు. తండ్రి వయసు కొడుకు వయసుకు మూడింతలు, 12 ఏళ్ల తర్వాత రెండింతలు అన్న లెక్కను మొన్న అదే క్లాసులో అందరికంటే ముందు చేశాను: కొడుకు వయసు ఎక్స్ అనుకుంటే 3ఎక్స్ + 12 = 2(ఎక్స్ + 12), ఎక్స్ = 12. ఇప్పుడు 36, 12. అప్పుడు 48, 24. పరీక్షలో టైమ్ తక్కువ కాబట్టి నేనూ పక్షాంతరమే చేస్తున్నాను, ప్రతిక్షేపించి చూడటం మాత్రం మానలేదు.