మైనస్ 19 దాటిన నికితాస్ గిఫ్ట్ మైనస్ 9కి పోయింది

జనవరిలో మైనస్ 19 డిగ్రీలకి చెక్కుచెదరని పెర్సిమన్ పండ్ల చెట్టు, మార్చిలో మైనస్ 9కి చచ్చింది. ఈసారి కూడా పోయింది నికితాస్ గిఫ్ట్ అనే రకమే. అదే వరుసలో, అదే మట్టిలో, అదే అమెరికా పెర్సిమన్ వేరుమూలం మీద అంటు కట్టిన మరో రకం రొసియాంకా మాత్రం నిక్షేపంగా చిగురిస్తోంది. ఒళ్లు మండిపోతోంది.

రెండూ ఒకే వంశం. క్రిమియాలో యాల్టా పక్కనున్న నికిత్స్కీ వృక్షోద్యానంలో పాసెన్కోవ్ 1950లలో అమెరికా పెర్సిమన్ పూలకు ఆసియా పెర్సిమన్, అంటే కాకీ, పుప్పొడి అద్ది సాధించిన సంకరం రొసియాంకా. సగం తల్లి, సగం తండ్రి. దాన్ని మళ్లీ కాకీతో కలిపితే వచ్చినది నికితాస్ గిఫ్ట్. అసలు పేరు నికిత్స్కయా బోర్డోవయా. లెక్కప్రకారం ముప్పాతిక వంతు కాకీ. కేటలాగులు మొదటిదానికి మైనస్ 25 దాకా ఫరవాలేదని, రెండోదానికి మైనస్ 20 చుట్టుపక్కల అని రాస్తాయి. ఆ ఒక్క అంకెను చూసి చెట్టు కొనేవారిని ఇకమీద నేను ఆపుతాను.

జరిగింది ఇదీ. ఫిబ్రవరి మొదట్లో కొనల నుంచి కిందికి 10 సెంటీమీటర్లకొకచోట గోటితో బెరడు గీకి చూశాను. అన్నిచోట్లా లోపలి పొర లేత ఆకుపచ్చే. మొగ్గను నిలువునా కోస్తే మధ్యలో ఆకుపచ్చ చుక్క. అంటే నడిచలికాలం ఆ చెట్టును ఏమీ చేయలేదు. తర్వాత నెలాఖరున వరుసగా ఎండలు కాశాయి. పగలు 14 డిగ్రీల దాకా వెళ్లింది. కాండానికి నైరుతి వైపు బెరడు కింద సన్నని సెన్సర్ దూర్చి ఉంచాను. గాలి 3 డిగ్రీలున్న మధ్యాహ్నం కూడా అది 17 చూపించింది. ఉత్తరం వైపు సెన్సర్ 4 దాటలేదు. ఆపైన మార్చిలో నిర్మలమైన ఆకాశంతో ఒక రాత్రి మైనస్ 9.

వెంటనే ఏమీ కనబడలేదు. మొగ్గలు ఉబ్బాయి కూడా, అందుకే ఆశ పెట్టుకున్నాను. ఏప్రిల్‌లో కొన్ని చిగుళ్లు ఒక సెంటీమీటరు తొంగిచూసి అక్కడే వాడిపోయాయి. కాండం చూస్తే నైరుతి వైపు, నేలకు 18 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 47 దాకా ఒక నిలువు పగులు. దాని చుట్టూ బెరడు మెత్తబడి, వేలితో నొక్కితే ఉడికిన దుంప తొక్కలా ఊడొచ్చింది. కింద ముదురు గోధుమ రంగు, పులిసిన వాసన. ఉత్తరం వైపు రెండు వేళ్ల వెడల్పు పట్టీ ఒకటి ఇంకా ఆకుపచ్చగా ఉంది. చిగుళ్లు ఆమాత్రం రావడానికి ఆ పట్టీయే కారణమై ఉంటుంది. చెట్టు మొత్తానికి నీరు తోడడం దాని వల్ల ఏమవుతుంది?

మొదట అంటు అతుకును అనుమానించాను. అమెరికా మూలం మీద కట్టిన కాకీ, బాగా ఎదిగిన తర్వాత కూడా ఉన్నట్టుండి చనిపోవడం పెంపకందారులు ఎరిగినదే. అందుకని అతుకును రంపంతో అడ్డంగానూ నిలువుగానూ కోసి చూశాను. అతుకు పొసగలేదని చెప్పే నల్లగీత లేదు, చెక్క నేరుగా కలిసిపోయి ఉంది. అతుకు కింద వేరుమూలం నుంచి పిలకలు పొగరుగా లేస్తున్నాయి, కనుక వేర్లకూ దోషం లేదు. నీరు నిలిచిందా అంటే వరుసంతా కట్ట మీదే ఉంది. శరదృతువులో ఆలస్యంగా పెరిగి కొమ్మ ముదరలేదా? కొనలు కొద్దిగా మాడాయి గాని చచ్చింది కొన నుంచి కాదు, మొదలు నుంచి.

మిగిలింది మెలకువ, అంటే చలికాలపు నిద్ర నుంచి చెట్టు లేవడం. నిద్ర లేవడానికి ముందు కాకీకి కావలసిన చలి చాలా తక్కువ. అది తీరిపోగానే, నాలుగు వెచ్చని పగళ్లు దొరికితే చాలు, చలిని ఓర్చే శక్తిని వదిలేస్తుంది. అమెరికా పెర్సిమన్ అంత తొందరగా లేవదు. మా వరుసలో కళ్లు తెరిచే క్రమం ఏటా ఒకటే: ముందు నికితాస్ గిఫ్ట్, తర్వాత జేటీ-02 అనే మరో సంకరం, ఆ వెనుక రొసియాంకా, అందరికంటే చివర శుద్ధ అమెరికా రకం మీడర్. కాకీ వాటా ఎంత ఎక్కువో మెలకువ అంత ముందు. చలికాలపు కనిష్ఠం ఈ తేడాను చూపించదు. అటు పగులుకు కారణం ఎండా, మెలకువా అంటే రెండూ కలిశాయనే నా అనుమానం. రొసియాంకా కాండం మీదా అదే ఎండ పడింది మరి.

జేటీ-02 గురించి చెప్పాలి. దీన్ని మిక్కుసు పేరుతోనూ అమ్ముతున్నారు. తల్లి అమెరికా రకం జోసెఫీన్, తండ్రి వగరు లేని జపాన్ కాకీ తైషు. తండ్రి పేరు చూసి గట్టి కాయనే కొరికి తినవచ్చని ఆశపడేవారు చాలామంది. కుదరదు. జపాన్ రకాల్లో వగరులేమి అంతర్గత లక్షణం. కాకీలో ఒక్కో క్రోమోజోముకు రెండు కాదు, ఆరు ప్రతులు. ఆరింటిలోనూ ఆ లక్షణమే ఉంటే తప్ప బయటపడదు. అమెరికా తల్లి ఇచ్చిన ప్రతులన్నీ వగరువే కనుక మొదటి తరం మొత్తం వగరే, పండి మెత్తబడ్డాకే తినాలి. చెట్టు మాత్రం నదరుగా ఉంది, నిరుడు 120 సెంటీమీటర్లు ఎదిగింది.



ఇప్పుడిక అతుకు ఎత్తు మారుస్తాను. నేల దగ్గర కట్టడం మానేసి, అమెరికా మూలాన్నే మీటరు దాకా కాండంగా పెంచి, పైన బెరడు కింద దూర్చే అంటు కడతాను. పగులు వచ్చే భాగమంతా ఆలస్యంగా లేచేదే అవుతుంది. మరో చెట్టుకు మధ్యలో 40 సెంటీమీటర్ల రొసియాంకా ముక్కను ఇరికించి చూస్తాను. డిసెంబరులోనే కాండాలకు సగం నీళ్లు కలిపిన తెల్ల లేటెక్స్ పెయింటు పూస్తాను. ప్లాస్టిక్ గొట్టాల తొడుగులు మాత్రం వద్దు. ఎండలో లోపల ఇంకా వేడెక్కుతాయి. అంటు చుట్టడానికి సాగే బడ్డీ టేపే వాడతాను, మొగ్గ దాన్ని తనంతట తాను చీల్చుకుని వస్తుంది. డయోస్పైరోస్ లోటస్ అనే మరో పెర్సిమన్ జాతి మూలం జోలికి పోను. వగరు లేని కాకీలు చాలావాటికి దానితో పొసగదు, చలికీ అది అమెరికా మూలమంత గట్టిది కాదు.

ఉక్రెయిన్‌లోని హొవెర్లా పర్వతం పేరు పెట్టిన గోరా గోవెర్లా రకం అంటు పుల్లలు కూడా తెప్పించాలని ఉంది, కాయ పెద్దదట. కాని నాకు అసలు ఆశ చైనావారి కాకీ రకం లువోతియన్ తియాన్‌షి మీద. దానిలో వగరులేమి బహిర్గత లక్షణం, ఒక్క ప్రతి ఉన్నా బయటపడుతుంది. దాని పుప్పొడి అమెరికా పువ్వుకు పట్టితే మొదటి తరంలోనే వగరు లేని సంకరం తగలవచ్చు. తల్లిగా 60 క్రోమోజోముల దక్షిణపు రకాన్ని కాక, కాకీతో సరితూగే 90 క్రోమోజోముల ఉత్తరపు రకాన్ని ఎంచుకోవాలి. మీడర్ పనికిరాదు, పరాగం లేకుండానే కాస్తుంది. వేరే పుప్పొడి పడకుండా ప్రాక్ అనే అమెరికా రకం పూల మీద సంచులు కడతాను. పుప్పొడి పంపగలవారు ఉంటే మే నెలకు ముందే చెప్పండి, ఫ్రీజరులో చోటు ఉంచుతాను.