సిల్క్ బోర్డ్ దగ్గర మాయమైన కిలోమీటర్లు

"సార్, నా బండి మీటర్ చూడండి, మీ డబ్బా చూడండి. యాడికి పొయ్యినాయి సార్ ఆ ఎనిమిది కిలోమీటర్లు?"

మదనపల్లె వైపు నుంచి వచ్చి బెంగళూరులో సరుకుల వ్యాన్ నడుపుకునే ఒక డ్రైవర్ అన్న మా ఆఫీసు మెట్ల దగ్గర నన్ను ఆపి అడిగిన మాట ఇది. మాది హిందూపురం. నా తెలుగు విని అడగవచ్చనుకున్నాడు. బండి మీటర్‌లో ఆ రోజు 112 కిలోమీటర్లు, మా డివైస్‌లో 104. మేము వాహనాల్లో బిగించే జీపీఎస్ డివైస్‌లకు సాఫ్ట్‌వేర్ రాస్తాం. డ్రైవర్లకు కిలోమీటరు లెక్కన డబ్బు వస్తుంది. ఆ లెక్క మా డివైస్ చెప్పిన మొత్తం దూరం నుంచే తీస్తారు. రోజుకు ఎనిమిది అంటే నెలకు రెండు వందల కిలోమీటర్ల కూలి. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మా టీమ్ లీడ్‌ది గుంటూరు. "టైర్లు అరిగుంటాయి, అరిగిన టైరు ఎక్కువ తిరుగుతుంది, మీటర్ ఎక్కువ చూపిస్తుంది" అన్నాడు. అది నిజమే. కానీ దానివల్ల ఒకటి రెండు శాతం తేడా వస్తుంది. ఇక్కడ ఏడు శాతం ఉంది. పైగా ఫిర్యాదులన్నీ పాత బండ్ల నుంచే వస్తున్నాయి. గత నెల డివైస్ బిగించిన బండ్లలో అంతా సరిగ్గానే ఉంది.

మర్నాడు లాప్‌టాప్ పట్టుకుని ఆయన బండెక్కాను. బొమ్మసంద్ర నుంచి మారతహళ్ళి. డివైస్ సెకనుకోసారి మొత్తం దూరాన్ని మీటర్లలో రాస్తూ పోతుంటే నేను చూస్తూ కూర్చున్నాను. హోసూర్ రోడ్డు మీద బండి యాభై వేగంతో పోతున్నప్పుడు అంకె గబగబా పెరిగింది. బొమ్మనహళ్ళి దాటి సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గరికి వచ్చేసరికి 5,82,14,616 దగ్గర ఆగిపోయింది. బండి మాత్రం ఆగలేదు. క్లచ్ వదులుతూ తొక్కుతూ, ముందున్న బస్సు వెనకే నత్తలా జరుగుతూనే ఉంది. ఐదు నిమిషాలు గడిచాయి. కిటికీలోంచి చూస్తే ఒక పెట్రోల్ బంకు మొత్తం దాటాం. అంకె అదే.

"చూసినారా సార్?" అన్నాడు ఆయన. ఆయనకు అది ముందే తెలుసు.

లాప్‌టాప్‌లో వెనక్కి జరిపి, హోసూర్ రోడ్డు మీద డివైస్ రాసిన అంకెలు మళ్ళీ చూశాను. సెకనుకు 12, 16, 12, 16. ఎక్కడ చూసినా నాలుగో ఎక్కమే. మూడు లేదు, పదమూడు లేదు. అప్పుడు వెన్నులో చిన్న జలదరింపు వచ్చింది. ఆఫీసుకొచ్చి అన్ని బండ్లకూ రోజువారీ తరుగును, డివైస్‌లోని మొత్తం దూరాన్ని గ్రాఫ్ గీశాను. తరుగు మెల్లగా పెరగడం లేదు, మెట్లు మెట్లుగా పెరుగుతోంది. ఒక మెట్టు 16,777 కిలోమీటర్ల దగ్గర, ఇంకొకటి 33,554 దగ్గర. మీటర్లలో రాస్తే ఆ మొదటిది 1,67,77,216. రెండును ఇరవై నాలుగు సార్లు గుణిస్తే వచ్చే సంఖ్య.

మా కోడ్ మొత్తం దూరాన్ని ఫ్లోట్‌గా దాచుకుంటోంది. దశాంశ సంఖ్యల కోసం కంప్యూటర్ వాడే ఆ రకంలో 32 బిట్లుంటాయి. అందులో అంకెల కోసం పనికొచ్చేవి 24 ద్విసంఖ్యా స్థానాలే. మిగతావి ప్లస్-మైనస్ గుర్తుకు, ఘాతానికి పోతాయి. అంటే సంఖ్య ఎంత పెద్దదైతే పక్కపక్క సంఖ్యల మధ్య ఖాళీ అంత పెరుగుతుంది. మొత్తాన్ని మీటర్లలో పెట్టుకుంటే 16,777 కిలోమీటర్ల ముందు వరకు ఖాళీ ఒక మీటరో అంతకన్నా తక్కువో ఉంటుంది. అక్కడి నుంచి రెండు మీటర్లు, 33,554 దాటితే నాలుగు, 67,108 దాటితే ఎనిమిది. ఖాళీ నాలుగు ఉన్నచోట రెండు మీటర్ల కన్నా తక్కువ కలిపితే, ఫలితం దగ్గరి సంఖ్యకు సర్దుకుని ఉన్నచోటే ఉంటుంది. గంటకు 7.2 కిలోమీటర్ల కన్నా నెమ్మదిగా నడిచిన ప్రతి సెకనూ సున్నా అన్నమాట. వేగంగా పోతున్నప్పుడు కొన్ని పైకి, కొన్ని కిందికి సర్దుకుని దాదాపు సరిపోతాయి. నత్తనడకలో మాత్రం అన్నీ కిందికే. జాతీయ రహదారి మీద తిరిగే లారీలో ఈ తప్పు అంత తొందరగా ఎవరికీ కనిపించదు. రోజూ గంటన్నర జామ్‌లో జరిగే వ్యాన్‌లో కనిపిస్తుంది.

చిప్ మీద నాకు కోపం రాలేదు. అది చెప్పిన మాట ప్రకారమే నడిచింది. ఫ్లోట్ లెక్కలు ఎలా జరగాలో చెప్పే, 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం ప్రతి కూడికకూ అసలు జవాబుకు అతి దగ్గరగా ఉన్న సంఖ్యను ఇవ్వాలి, ఇచ్చింది. ఒక్కొక్క కూడిక విడిగా చూస్తే తప్పు లేదు. పెద్ద మొత్తానికి చిన్న ముక్కను లక్షల సార్లు కలపమన్నది మేము.

ఆ ప్రమాణం వెనక ముఖ్యుడు విలియం కహాన్. 1989లో కంప్యూటర్ రంగంలో అతి పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు. ఇలాంటి కూడిక కోసమే ఆయన 1965లో ఒక ఉపాయం ప్రచురించాడు. చదివినప్పుడు మా ఊరి కిరాణా కొట్టు గుర్తొచ్చింది. చిల్లర లేదని కొట్టాయన అర్ధ రూపాయి వదిలేయమంటే రోజూ మనకు నష్టమే. అదే ఆయన ఖాతా పుస్తకంలో రాసుకుని రేపటి సరుకులో కలిపితే ఎవరికీ నష్టం లేదు. కహాన్ పద్ధతి అంతే. కూడిక చేసిన వెంటనే ఎంత రాలిపోయిందో లెక్కగట్టి పక్కన ఇంకో చరరాశిలో దాచాలి. తర్వాతి ముక్కతో పాటు దాన్నీ కలపాలి. నాలుగు లైన్ల కోడ్.

నాలుగు లైన్లూ రాసి, రికార్డు చేసిన రూట్‌ను డివైస్‌లో మళ్ళీ నడిపించాను. జవాబు మారలేదు. పాత తప్పే, చివరి అంకె దాకా అదే తప్పు. రెండు రోజులు ఈ టెన్షన్‌లోనే గడిచాయి. కోడ్ తప్పా, నా అర్థం తప్పా అని కాగితం మీద చేత్తో చేసి చూసుకున్నాను. కాగితం మీద సరిగ్గా వస్తోంది. చివరికి మా కోడ్‌ను చిప్ భాషలోకి మార్చే కంపైలర్ తయారుచేసిన అసెంబ్లీ కోడ్ తెరిచి చూస్తే నా చిల్లర లెక్క అందులో లేనే లేదు. మా బిల్డ్ ఫైల్‌లో ఎవరో ఎప్పుడో కోడ్ వేగంగా నడవాలని ఓ-ఫాస్ట్ అనే ఆప్షన్ పెట్టారు. మేము వాడే జీసీసీ కంపైలర్‌లో అది ఫాస్ట్-మ్యాథ్ అనే ఇంకో ఆప్షన్‌ను కూడా ఆన్ చేస్తుంది. అప్పుడు కంపైలర్ బళ్ళో నేర్పిన బీజగణితాన్ని నమ్ముతుంది. మొత్తానికి ముక్క కలిపి, పాత మొత్తం తీసేసి, ముక్క కూడా తీసేస్తే సున్నా కదా అని ఆ లైన్లను చెరిపేస్తుంది. నిజమైన సంఖ్యలకు అది సున్నాయే. ఫ్లోట్‌లకు కాదు, ఆ సున్నా కాని ముక్క కోసమే నేను ఆ లైన్లు రాసింది. ఆప్షన్ తీసేశాను. 104.2 కాస్తా 111.6 అయింది. ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది.

దీనికన్నా 64 బిట్లుండే డబుల్ అనే రకం వాడితే పోయేది కదా అని మీరు అడగవచ్చు. లీడ్ కూడా అదే అడిగాడు. మా డివైస్‌లో ఉన్నది కార్టెక్స్-ఎం4 అనే చిన్న ప్రాసెసర్. అందులో ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ 32 బిట్లకే పనిచేస్తుంది. డబుల్ లెక్కలు సాఫ్ట్‌వేర్‌తో నెమ్మదిగా జరగాలి. సెకనుకు ఒక్క కూడికకు అది పెద్ద భారం కాదు, ఒప్పుకుంటాను. అసలు అడ్డు వేరే ఉంది. ఫ్లాష్ మెమరీలోనూ, సర్వర్‌కు పంపే ప్యాకెట్‌లోనూ మొత్తం దూరానికి కేటాయించినవి నాలుగు బైట్లే. ఇంకో భయం కూడా ఉంది. రేపు ఇంకెవరైనా వేగం కోసం మళ్ళీ ఫాస్ట్-మ్యాథ్ పెడితే కహాన్ కోడ్ చప్పుడు చేయకుండా చచ్చిపోతుంది.

అందుకని అదే నాలుగు బైట్లలో ఫ్లోట్ బదులు గుర్తు లేని పూర్ణాంకం పెట్టాం, పది సెంటీమీటర్ల లెక్కన. అది 4,29,496 కిలోమీటర్ల వరకు పోతుంది. మొదటి కిలోమీటరులోనూ చివరి కిలోమీటరులోనూ పక్కపక్క సంఖ్యల మధ్య ఖాళీ పది సెంటీమీటర్లే. పది సెంటీమీటర్ల కన్నా తక్కువ మిగిలినది చిన్న ఫ్లోట్‌లో దాచుకుని తర్వాతి సెకనుకు కలుపుతాం. ఖాతా పుస్తకం మళ్ళీ వచ్చినట్టే. ఉన్న బిట్లు అవే, సర్దిన తీరు వేరు. ఇది నాకు చాలా నచ్చిన మార్పు.

అదే ఫైల్‌లో ఇంకోటి దొరికింది. జీపీఎస్ రిసీవర్ డిగ్రీని కోటి భాగాలు చేసి స్థానాన్ని పూర్ణాంకంగా ఇస్తుంది. మా కోడ్ ముందు దాన్ని ఫ్లోట్ డిగ్రీలుగా మార్చి, తర్వాత రెండు స్థానాల తేడా తీస్తోంది. బెంగళూరు రేఖాంశం 77.6 దగ్గర. ఆ పరిమాణంలో ఫ్లోట్ సంఖ్యల మధ్య ఖాళీ భూమి మీద తూర్పు పడమరలకు సుమారు 83 సెంటీమీటర్లు. అక్షాంశం 13 దగ్గర కాబట్టి ఉత్తర దక్షిణాలకు 11 సెంటీమీటర్లు కూడా లేదు. ఒకే బండి తూర్పుకు పోతే గెంతుతూ, ఉత్తరానికి పోతే నున్నగా పోయేదన్నమాట. పూర్ణాంకాలను ముందు తీసివేసి, వచ్చిన చిన్న తేడాను అప్పుడు ఫ్లోట్ చేశాను. క్రమం మార్చడమే, కొత్త లైను ఒక్కటీ లేదు.

అప్పటికి నెల దగ్గర పడింది. కానీ జరిగిపోయిన నెలల డబ్బు సంగతి? అదృష్టవశాత్తు సర్వర్‌లో ముడి స్థానాలన్నీ భద్రంగా ఉన్నాయి. అక్కడ దూరం లెక్కగట్టే పైథాన్ ఫంక్షన్ కూడా ఉంది, అది డబుల్‌లోనే ఉంది. నడిపి చూశాను. ఒక బండి రాత్రంతా ఆగి ఉన్న ఎనిమిది గంటల్లో 2.7 కిలోమీటర్లు నడిచిందట! వేరే చోట ఆగిన బండి కదలలేదు.

ఆ ఫంక్షన్ రెండు చోట్ల మధ్య కోణాన్ని కొసైన్ సూత్రంతో కట్టి, చివర ఆర్క్ కొసైన్ తీసుకుంటోంది, అంటే కొసైన్ విలువ నుంచి కోణాన్ని రాబడుతోంది. రెండు స్థానాలూ ఒకటే అయితే లోపల సరిగ్గా 1 రావాలి. రౌండింగ్ వల్ల ఒకచోట 0.9999999999999999 వస్తుంది. దాని ఆర్క్ కొసైన్ చిన్నదే, కానీ భూమి వ్యాసార్థంతో గుణిస్తే 9.5 సెంటీమీటర్లు. సెకనుకు 9.5 అంటే ఎనిమిది గంటలకు 2.7 కిలోమీటర్లు. ఇంకొకచోట 1.0000000000000002 వచ్చి పైథాన్ ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్‌ను పట్టుకుని సున్నా తిప్పి ఇచ్చే రెండు లైన్లు కూడా అక్కడే ఉన్నాయి. ఎర్రర్ ఎందుకు వస్తోందో ఎవరూ అడగలేదు. నాకు బాధ కలిగింది అందుకే.

ఇక్కడ హెర్బీ అనే పనిముట్టు నాకు దారి చూపింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది, 2015లో దాని మీద పరిశోధన పత్రం వచ్చింది. మనం ఒక సూత్రం ఇస్తే, రకరకాల విలువల దగ్గర మామూలు జవాబును చాలా ఎక్కువ అంకెలతో లెక్కగట్టిన జవాబుతో పోల్చి, ఎక్కడ ఖచ్చితత్వం పోతోందో గ్రాఫ్‌లో చూపిస్తుంది. అదే విలువనిచ్చే వేరే రూపాలను వెతికిపెడుతుంది. నేను అన్నిటికన్నా చిన్నదిచ్చాను: ఒకటి మైనస్ కొసైన్ ఎక్స్. సున్నా దగ్గర గ్రాఫ్ గోతిలో పడినట్టు కిందికి దిగింది. నిజమే, ఎక్స్ పదికోట్లలో ఒక వంతైతే డబుల్‌లో కొసైన్ సరిగ్గా 1 అయిపోతుంది, తేడా సున్నా. ఇంటర్లో నేర్చుకున్న సూత్రమే దీనికి మందు. ఆ తేడా సైన్ సగం ఎక్స్ వర్గానికి రెండింతలు. అందులో దాదాపు సమానమైన రెండింటి తీసివేత లేదు కాబట్టి ఏమీ పోదు. ఈ రూపం మీద కట్టినదే హావర్‌సైన్ సూత్రం. నావికులు పట్టికల్లో వాడిన పాత లెక్క, ఆ పేరు 1835 నాటిది. పట్టికలతో లెక్కగట్టేవాళ్ళకు చిన్న దూరాల బాధ కంప్యూటర్ల కన్నా చాలా ముందే తెలుసన్నమాట.

హావర్‌సైన్ పెట్టి, ముక్కల్ని కలపడానికి పైథాన్‌లో రాలిపోయే ముక్కల్ని కూడా లెక్కలో ఉంచుకుని కూడే ఎఫ్‌సమ్ వాడాను. సరిచూడటానికి ఎన్ని అంకెలు కావాలంటే అన్నిటితో లెక్కగట్టే ఎంపీమ్యాథ్ లైబ్రరీతో యాభై అంకెల్లో అదే లెక్క చేయించాను. ఆగిన బండి ఆగింది. నడిచిన బండి లెక్క మిల్లీమీటరు దాకా కలిసింది.

పాత నెలలన్నీ మళ్ళీ లెక్కగట్టి బండి వారీగా తేడాల పట్టిక అకౌంట్స్‌కు ఇచ్చాను. లీడ్ దగ్గరుండి పైవాళ్ళతో మాట్లాడాడు. తర్వాతి నెల బిల్లుల్లో ఆ తేడా కలిసింది. మదనపల్లె అన్న ఫోన్ చేసి, "వచ్చినాయి తమ్ముడూ" అన్నాడు. అప్పటి నుంచి సార్ అనడం మానేశాడు.

మూడు నెలల తర్వాత ఒక సాయంత్రం ఆయన బండి 67,108 కిలోమీటర్లకు దగ్గర పడుతోందని చూసి ఆఫీసులోనే ఉండిపోయాను. పాత కోడ్ అయితే ఆ రోజు నుంచి గంటకు 14 కిలోమీటర్ల లోపు నడకంతా సున్నా అయ్యేది. బండి సిల్క్ బోర్డ్ దగ్గరే ఉంది, జామ్‌లో. 67,108.8. 67,108.9 దాటాక కూడా చూస్తూ కూర్చున్నాను. సెకనుకు నలభై సెంటీమీటర్లు, ఒక్కోసారి యాభై, అంకె కదులుతూనే ఉంది.