హంపిలో పూజ జరిగే చోట్లు

హంపికి వెళ్లే తెలుగువాళ్లలో చాలామంది రాయలవారి కోసం వెళతారు. మా అమ్మ విరూపాక్షుడి కోసం బయలుదేరింది. "పడిపోయిన గోడలు నాకెందుకు నాయనా, దేవుడున్న చోటికి తీసుకెళ్లు" అని ముందే షరతు పెట్టింది. టికెట్టు కొనుక్కుని చూసే హంపి ఒకటి, కొబ్బరికాయ కొట్టే హంపి మరొకటి. మేము ఎక్కువగా రెండోదాని వెంట తిరిగాం.

హోస్పేట నుంచి హంపికి 13 కిలోమీటర్లు. బస్సులో ఉండగానే విరూపాక్షుడి తూర్పు గోపురం కనిపిస్తుంది. తొమ్మిది అంతస్తులు, సుమారు 50 మీటర్ల ఎత్తు. విజయనగర రాజ్యం పుట్టకముందే ఇక్కడ శివుడున్నాడు. పంప అనే కన్య ఆయన కోసం తపస్సు చేసి భర్తగా పొందిందనీ, అందుకే ఇది పంపాక్షేత్రమనీ స్థలపురాణం. ఏటా చైత్రంలో వారిద్దరికీ కల్యాణం జరిపిస్తారు, రథం లాగుతారు. లోపలి రంగమండపం కృష్ణదేవరాయలు తన పట్టాభిషేకానికి గుర్తుగా కట్టించినదని 1510 నాటి శాసనం చెబుతుంది. ఆయన కూడా ఈ దేవుడి దగ్గర భక్తుడే, యజమాని కాడు.

గర్భగుడి వెనుక మెట్లెక్కితే చిన్న చీకటి గది ఉంది. గోడలో ఒక సన్నని కంత. అందులోంచి వచ్చే వెలుగు ఎదుటి గోడ మీద గోపురాన్ని తలకిందులుగా గీస్తుంది. నేను చేయి అడ్డం పెడితే గోపుర శిఖరం నా అరచేతిలో పడింది, అంచులు కాస్త మసకగా. వెలుగు కిరణాలు కంత దగ్గర ఒకదాన్నొకటి దాటి వెళ్లడమే దీని కిటుకు అని అమ్మకు వివరించబోయాను. ఆమె అప్పటికే ఆ నీడకు దండం పెట్టేసింది.

అక్కడి నుంచి దక్షిణంగా వెళితే లక్ష్మీనరసింహుడు. 1528లో ఒకే బండను తొలిచి చేసిన విగ్రహం, ఎత్తు 6.7 మీటర్లు. ఒడిలో ఉండాల్సిన లక్ష్మి లేదు. అయితే పక్కకు తిరిగి చూస్తే స్వామి వీపు మీద ఆమె చేయి మాత్రం మిగిలి ఉంది, ఆలింగనం చేసుకున్నట్టే. విగ్రహం ఖండితం కనుక పూజ లేదు. దాన్ని ఆనుకునే ఉన్న బడవిలింగానికి మాత్రం పూజ ఉంది. మూడు మీటర్ల లింగం, పాదపీఠం ఎప్పుడూ నీళ్లలోనే. శిల్పం ప్రకారం చూస్తే నరసింహుడి ముందు ఈ లింగం సాదాసీదా పని. అయినా పూలు ఇక్కడే పడుతున్నాయి.

హంపి అంతటా ఇదే వరస. దగ్గర్లోని కృష్ణాలయంలో రాయలు ఉదయగిరి విజయం తర్వాత తెచ్చి ప్రతిష్ఠించిన బాలకృష్ణుడు ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్నాడు. మన నెల్లూరు సీమ దేవుడు అలా రెండుసార్లు ఊరు మారాడు. రాతిరథం ఉన్న విఠలాలయం సంగతి ఇంకా విచిత్రం. యాభై రూపాయల నోటు మీదికెక్కిన రథం, తాకితే మోగే స్తంభాలు, అన్నీ ఉన్నాయి; గర్భగుడి ఖాళీ. ఇంత ఆడంబరం తనకు నచ్చక విఠలుడు పండరిపురం తిరిగి వెళ్లిపోయాడని ఒక కథ. భానుదాసు అనే భక్తుడు ఆయనను వెనక్కి తీసుకెళ్లాడని మరాఠీ భక్తుల సంప్రదాయం. నాకు మొదటి కథే ఇష్టం.

విఠలాలయం నుంచి తుంగభద్ర ఒడ్డున తిరిగి నడిచి వస్తే చక్రతీర్థం దగ్గర కోదండరాముడి గుడి. సీతారామలక్ష్మణులతోపాటు సుగ్రీవుడు కూడా గర్భగుడిలో నిలబడి ఉండడం ఇక్కడి విశేషం. సుగ్రీవుడికి పట్టాభిషేకం జరిగింది ఇక్కడేనని నమ్మకం. పక్కనే మెట్లెక్కితే మాధ్వ యతి వ్యాసరాయలు ప్రతిష్ఠించాడని చెప్పే యంత్రోద్ధారక ఆంజనేయుడు. గంతులేసే హనుమంతుడు కాడు, షట్కోణంలో పద్మాసనం వేసుకుని జపం చేసుకుంటున్నాడు. చుట్టూ వలయంగా పన్నెండు కోతులు, ఒకదాని తోక మరొకటి పట్టుకుని.

ఎదురుగా మతంగ పర్వతం. వాలి చంపిన దుందుభి అనే రాక్షసుడి రక్తం ఆశ్రమంలో పడినందుకు మతంగ మహర్షి శపించాడు కనుకే వాలి ఇటు అడుగుపెట్టలేదు, సుగ్రీవుడు ఋష్యమూకం మీద బతికిపోయాడు. ఆ బండరాళ్ల గుట్టలు చూశాక కథ నమ్మడానికి శ్రమ పడనక్కర్లేదు. దాక్కోవాలనుకున్నవాడికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

నది దాటితే ఆనెగొంది, స్థానికులు కిష్కింధ అనే పిలుస్తారు. పుట్టిలో దాటడానికి అమ్మ ఒప్పుకోలేదు, రోడ్డు మార్గాన చుట్టూ తిరిగి వెళ్లాం. హనుమంతుడు పుట్టిన కొండ అని ఇక్కడివాళ్లు నమ్మే అంజనాద్రికి 575 మెట్లు. హనుమంతుడి జన్మస్థలం తిరుమలలోని అంజనాద్రేనని 2021లో తిరుమల తిరుపతి దేవస్థానం ప్రకటించిన సంగతి నేను కదిపాను. "పుట్టింది ఎక్కడైతేనేం, రాముడిని కలిసింది ఇక్కడే కదా" అంది అమ్మ, సగం మెట్ల దగ్గర కూర్చుని. వాదన అక్కడితో ముగిసింది. ఎక్కడం మాత్రం ముగియలేదు. పైన చిన్న గుడి, అఖండ దీపంలా సాగే భజన, కింద తుంగభద్ర వంపులు, వరి మళ్లు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లేవారు అంజనాద్రి బదులు మాల్యవంతానికి వెళ్లడం మేలు. గుట్ట పైదాకా రోడ్డుంది. సీత జాడ తెలియక రాముడు వానాకాలమంతా గడిపింది ఈ కొండ మీదేనంటారు. అక్కడి రఘునాథాలయం ఒక పెద్ద బండను కలుపుకుని కట్టింది. బండ పైభాగం గుడి కప్పును దాటి బయటికి వచ్చి కనిపిస్తుంది. లోపల రామాయణ పారాయణం ఆగకుండా సాగుతుంటుంది. హంపికి వచ్చేవారిలో ఈ కొండకు వచ్చేవారు తక్కువ. కనుక అమ్మకు కావలసినంత సేపు కూర్చోవడానికి చోటు దొరికింది, నాకు హోస్పేట చివరి బస్సు గురించి దిగులు పడడానికి తీరిక దొరికింది.