వదినతో అనంతగిరి కొండల్లో

నిన్న వికారాబాద్‌లో వదినా నేనూ జంటగా మొదటిసారి అడ్వెంచర్ రేసులో దిగాం. అనంతగిరి అడవిలో పరుగు, ఎర్రమట్టి బాటల్లో సైకిలు, చివర కోట్‌పల్లి ప్రాజెక్టులో కయాక్. మొదటి రెండూ ఎలాగో గట్టెక్కాం. కయాకే ఏడిపించింది. ముందు కూర్చున్న నేను కంగారుగా తెడ్డు వేస్తుంటే పడవ ఉన్నచోటే గిర్రున తిరుగుతోంది. వెనక నుంచి వదిన, "ఆగవే, నేను లెక్కపెడతా, నాతోపాటే వెయ్యి" అంది. ఒకటి, రెండు... ఒకటి, రెండు... పడవ ముక్కు ఒడ్డు వైపు తిరిగింది!

దిగాక చూస్తే తన అరచేతుల్లో బొబ్బలు చితికి ఉన్నాయి. ఒక్క మాటైనా అనలేదు. జంటలో ఇద్దరూ కలిసి గీత దాటితేనే లెక్క (ఈ నియమం నాకెంత నచ్చిందో). చేయి పట్టుకుంటే మంట కదా, మణికట్టు పట్టుకుని దాటాం. ఎన్నో స్థానమో ఇంకా చూసుకోలేదు. వదినా, చేతులకు మందు రాసుకున్నావా?