రాతిగోడలో గండి: పోర్ట్ క్యాంప్‌బెల్‌లో రెండు రోజులు

మెల్‌బోర్న్‌లో ఉండే తెలుగువాళ్ల ఇంటికి ఊరి నుంచి చుట్టాలు వస్తే గ్రేట్ ఓషన్ రోడ్డు చూపించకుండా పంపరు. తెల్లవారుజామున బయలుదేరతారు, మధ్యాహ్నం ట్వెల్వ్ అపోసల్స్ అనే, సముద్రంలో నిలబడ్డ రాతి స్తంభాల దగ్గర అరగంట ఫొటోలు దిగుతారు, చీకటి పడ్డాక ఇల్లు చేరతారు. అలా వెళ్లేవాళ్లకు అపోసల్స్‌కు పడమరగా 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న పోర్ట్ క్యాంప్‌బెల్ ఊరు కాఫీ తాగడానికి ఆగే మజిలీ మాత్రమే. మేము రాత్రి ఆ ఊళ్లోనే ఉండేలా రెండు రోజులకు వెళ్లాం. ఈ తీరం అందమంతా పొద్దుటి పూటా, పొద్దు గూకే వేళా ఉంటుంది. బస్సులన్నీ వచ్చేది నడిమధ్యాహ్నం.

వెళ్లేటప్పుడు సముద్రం పక్క రోడ్డు, వచ్చేటప్పుడు లోపలి హైవే పట్టుకోవాలి. ఆస్ట్రేలియాలోనూ మనలాగే ఎడమవైపు నడుపుతారు. పడమరకు వెళ్తుంటే సముద్రం ఎడమ పక్కనే ఉంటుంది కనుక చూడాల్సిన చోటల్లా కారు పక్కకు తీయడం తేలిక. ఎదురుగా వచ్చేటప్పుడు ప్రతిచోటా ట్రాఫిక్‌కు అడ్డంగా కుడివైపు తిరగాలి. టార్కీ నుంచి అలెన్స్‌ఫర్డ్ దాకా 243 కిలోమీటర్ల ఈ రోడ్డును మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన దాదాపు 3,000 మంది సైనికులు 1919 నుంచి 1932 వరకు గడ్డపారలు, పారలతో తవ్వి వేశారు. చనిపోయిన తోటివాళ్ల జ్ఞాపకార్థం వేసిన రోడ్డు ఇది. లోర్న్ నుంచి అపోలో బే దాకా వంకరలు ఎక్కువ. వెనక సీట్లో పిల్లలుంటే వాంతుల మాత్ర ముందే వేయాలి. అపోలో బే దాటాక రోడ్డు సముద్రాన్ని వదిలి ఆట్వే అడవిలోకి ఎక్కుతుంది. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల పోతుంది కాబట్టి మ్యాప్‌ను ముందే దింపుకుని, పెట్రోలు అపోలో బేలోనే నింపుకోవాలి. అక్కడి నుంచి పోర్ట్ క్యాంప్‌బెల్‌కు 100 కిలోమీటర్లకు కాస్త తక్కువే అయినా గంటన్నర పైనే పడుతుంది.

ఆ తీరంలో కిలోమీటర్ల తరబడి నిట్టనిలువు సున్నపురాతి గోడే. కొన్నిచోట్ల 70 మీటర్ల ఎత్తు. ఆ గోడకు ఒకచోట చిన్న గండి పడింది, అందులోంచి క్యాంప్‌బెల్స్ క్రీక్ అనే వాగు సముద్రంలో కలుస్తుంది. ఊరు అక్కడ వెలిసింది ఆ గండి వల్లే. ఈ నేల ఈస్టర్న్ మార్ ఆదివాసులది, వేల ఏళ్లుగా వాళ్లకు ఇది తెలిసిన తీరం. తర్వాత తిమింగలాల వేటగాడైన అలెగ్జాండర్ క్యాంప్‌బెల్ అనే స్కాట్లాండ్ కెప్టెన్ ఈ గండిలో తలదాచుకునేవాడు. పేరు ఆయనదే. ఇప్పటికీ జనాభా 500కు అటూ ఇటూ. లార్డ్ స్ట్రీట్ ఒక్కటే బజారు, దాని కొసన నార్ఫోక్ పైన్ చెట్ల వరస, ఆ కింద ఇసుక.

జెట్టీ మీద నిలబడితే ఈ ఊరి బతుకు అర్థమవుతుంది. ఈ చిన్న అఖాతం దక్షిణ మహాసముద్రానికి ఎదురుగా నోరు తెరుచుకుని ఉంటుంది. అటువైపు అంటార్కిటికా దాకా నేల లేదు. నైరుతి గాలి లేస్తే లంగరు వేసిన పడవ నిలవదు. అందుకే లాబ్‌స్టర్ పట్టే పడవలను నీళ్లలో కట్టేసి వదలరు. జెట్టీ మీదున్న క్రేన్‌తో పైకెత్తి చెక్కల మీద పెడతారు. వేటకు పోయేటప్పుడు మళ్లీ దించుతారు. గట్టున పాత రాకెట్ షెడ్డు ఉంది. ఓడ రాళ్లకు తగిలితే ఒడ్డు నుంచి రాకెట్‌తో తాడు విసిరి, ఆ తాడు మీద మనుషులను లాగేవారు. ఆ సరంజామా దాచిన కొట్టు అది.

ఇక్కడ ఇన్నేసి ఓడలు ఎందుకు మునిగాయో తెలిస్తే తప్ప ఈ తీరం అర్థం కాదు. ఇంగ్లండ్ నుంచి మెల్‌బోర్న్‌కు వచ్చే తెరచాప ఓడలు నెలల తరబడి నేల కనిపించకుండా ప్రయాణించి, కేప్ ఆట్వేకూ కింగ్ ద్వీపానికీ మధ్య ఉన్న సుమారు 90 కిలోమీటర్ల సందులోకి దూరాలి. సూది బెజ్జంలోకి దారం ఎక్కించడం అనేవారు నావికులు. ఉత్తరానికి కాస్త జరిగితే ఈ రాతిగోడ, దక్షిణానికి జరిగితే ద్వీపం చుట్టూ ఉన్న రాళ్లు. అందుకే 1848లో కేప్ ఆట్వేలో దీపస్తంభం వెలిగించారు. మబ్బు పట్టి సూర్యుడూ నక్షత్రాలూ కనిపించకపోతే ఓడ ఎక్కడుందో లెక్క కట్టే దారి ఉండదు, దీపం కూడా ఆదుకోదు.

లాక్ ఆర్డ్ ఓడకు జరిగింది అదే. 1878 మార్చిలో ఇంగ్లండ్ నుంచి 54 మందితో బయలుదేరింది. జూన్ 1 తెల్లవారుజామున నాలుగు గంటలకు మంచు విడిపోయి చూస్తే ఎదురుగా రాతిగోడ. లంగర్లు వేశారు, అవి అడుగున పట్టు దొరక్క జారిపోయాయి. ఓడను తిప్పేలోపు మటన్ బర్డ్ ద్వీపానికి గుద్దుకుని నిమిషాల్లో మునిగిపోయింది. బతికింది ఇద్దరే. టామ్ పియర్స్ అనే 18 ఏళ్ల నావిక శిష్యుడు తలకిందులైన పడవను పట్టుకుని ఒక గండిలోకి కొట్టుకొచ్చాడు. తర్వాత నీళ్లలోంచి ఆడమనిషి కేక వినబడితే మళ్లీ ఈదుకుంటూ వెళ్లి ఈవా కార్‌మైకేల్ అనే అమ్మాయిని లాక్కొచ్చాడు. గుహలో పడుకోబెట్టి, కొట్టుకొచ్చిన పెట్టెలోని బ్రాందీ పట్టించి, రాతిగోడ ఎక్కి సాయం తెచ్చాడు. ఈవా తల్లీతండ్రీ, తోడబుట్టిన ఐదుగురూ ఆ రోజే పోయారు. ఇద్దరూ పెళ్లి చేసుకుంటారని అప్పటి పత్రికలు ఆశపడ్డాయి. ఆమె కొన్ని నెలలకే ఐర్లండ్ తిరిగి వెళ్లిపోయింది. దీన్ని ప్రేమకథగా చెప్పడం మాకు నచ్చలేదు. ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్న అమ్మాయి కథ ఇది. గండి పైన శ్మశానంలో ఆమె తల్లి సమాధి ముందు నిలబడితే వేరే మాట తోచదు.

టామ్ కొట్టుకొచ్చిన ఆ గండినే ఇప్పుడు లాక్ ఆర్డ్ గార్జ్ అంటారు. దానికి రెండు గంటలు కేటాయించాలి. మెట్లు దిగితే గుర్రపునాడా ఆకారంలో ఇసుక, రెండు పక్కలా గోడలు, మధ్యలో సన్నటి నోరు. ఆ నోట్లోంచి లోపలికి వచ్చే కెరటాన్ని చూస్తే ఈత కొట్టి మనిషిని తేవడం అంటే ఏమిటో తెలుస్తుంది. ఇక్కడ నీళ్లలోకి దిగకూడదు. పైన నడకదారిలో బ్లోహోల్ (కింది నుంచి కెరటం దూసుకొచ్చే గుంత), థండర్ కేవ్ అనే గుహ చూసి మటన్ బర్డ్ ద్వీపం ఎదుటి మెరక దాకా పోవచ్చు. సెప్టెంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా ఆ ద్వీపానికి పొద్దు గూకాక వేల పక్షులు గూళ్లకు తిరిగొస్తాయి. చలికాలానికి అవి ఉత్తర పసిఫిక్ దాకా ఎగిరిపోతాయి.

నీళ్ల గురించి ఇంకొక మాట, ఇది బతుకుకు సంబంధించింది. 2019 ఈస్టర్ ఆదివారం నాడు దగ్గర్లోని షెర్‌బ్రూక్ నది మొగలో ఒక పర్యాటకుడు కొట్టుకుపోతుంటే, కాపాడబోయిన పోర్ట్ క్యాంప్‌బెల్ లైఫ్‌సేవింగ్ క్లబ్బు స్వచ్ఛంద సేవకులు ఇద్దరు, తండ్రీకొడుకులు, పడవ తిరగబడి చనిపోయారు. పర్యాటకుడు బతికాడు. మోకాలి లోతే కదా అని దిగితే వెనక్కి లాగే ప్రవాహం కాళ్ల కింది ఇసుకనే తీసేస్తుంది. వేసవిలో ఊరి బీచ్‌లో ఎరుపు పసుపు జెండాలు పాతుతారు. ఆ రెండు జెండాల మధ్య తప్ప ఇంకెక్కడా దిగవద్దు.

ట్వెల్వ్ అపోసల్స్ పేరుకే పన్నెండు. పేరు పెట్టేనాటికే తొమ్మిది. అంతకు ముందు ‘పంది, పంది పిల్లలు’ అనేవారు. మటన్ బర్డ్ ద్వీపం తల్లి, స్తంభాలు పిల్లలు. 2005 జులై 3న 50 మీటర్ల స్తంభం ఒకటి క్షణాల్లో కూలి రాళ్ల కుప్ప అయింది. ఇక్కడి రాయి ఎన్నో లక్షల ఏళ్ల కిందట గవ్వలూ జీవుల పెంకులూ సముద్రం అడుగున పేరుకుని ఏర్పడిన మెత్తటి సున్నపురాయి. కెరటం గోడ మొదలును ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్లు తింటుంది. ముందు గుహ పడుతుంది, రెండు పక్కల గుహలు కలిస్తే తోరణం, తోరణం నడుం విరిగితే స్తంభం, చివరికి స్తంభం కూలుతుంది. తిరుమల కొండ మీద శిలాతోరణం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపిస్తుంది. అది కోట్ల ఏళ్ల గట్టి రాయి, మన తరాలు ఎన్ని గడిచినా అలాగే ఉంటుంది. ఇక్కడివి మనిషి జీవితకాలంలోనే మారిపోతాయి. ఊరికి పడమరనున్న లండన్ బ్రిడ్జ్ అనే రాతి తోరణం 1990 జనవరి 15న విరిగి, ఇద్దరు సందర్శకులు అవతలి ముక్క మీద చిక్కుకుపోతే హెలికాప్టర్‌తో దించారు. లాక్ ఆర్డ్ దగ్గరి ఐలండ్ ఆర్చ్‌వే 2009లో కూలి రెండు స్తంభాలు మిగిలాయి. వాటికి టామ్, ఈవా అని పేర్లు పెట్టారు.

అపోసల్స్‌ను సూర్యాస్తమయానికి గంట ముందు చూడటం మొదలుపెట్టాలి. తూర్పు పక్క స్తంభాల మీద బంగారు వెలుగు పడుతుంది, పడమటివి నల్లటి నీడలవుతాయి. పొద్దు గూకగానే అందరూ కార్లవైపు నడుస్తారు, మీరు మాత్రం కదలకండి. అరగంట ఆగితే కింది ఇసుక మీద చిన్న పెంగ్విన్లు గుంపులుగా నీళ్లలోంచి బయటికొస్తాయి. బైనాక్యులర్స్ ఉండాలి, ఫ్లాష్ కొట్టకూడదు. కిలోమీటరు దూరంలో ఉన్న గిబ్సన్ స్టెప్స్ 86 మెట్లు దిగితే స్తంభాల ఎత్తు కింది నుంచి తెలుస్తుంది. పోటు ఎక్కువగా ఉన్నా, పైనుంచి రాళ్లు పడుతున్నా మెట్లు మూసేస్తారు.

భోజనం దగ్గర లెక్క తప్పుతుంది. జనవరిలో సూర్యాస్తమయం రాత్రి 8:45 ప్రాంతంలో. ఊళ్లో వంటగదులు ఆ సరికే కట్టేస్తుంటారు. ముందే తినేసి వెళ్లాలి, లేదా పులిహోర కట్టుకుని పోవాలి. శాకాహారులకు ఎటూ పెట్టె సర్దుకోవడమే మేలు. అక్కడ చలికాలమైన జూన్‌లో సాయంత్రం 5:15 ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది, ఈ ఇబ్బంది ఉండదు, కానీ గాలి ఎముకలు కొరుకుతుంది. ఎండాకాలంలోనూ గాలిని ఆపే జాకెట్ తప్పదు. ఈగలు మొహం మీద ముసురుతాయి, తలకు వల టోపీ ఉంటే హాయి. రాత్రి ఊరికి తిరిగొచ్చేటప్పుడు నెమ్మదిగా నడపండి, కంగారూలు ఉన్నట్టుండి రోడ్డు మీదికి దూకుతాయి.

రెండో రోజు పొద్దున్నే బస్సులు రాకముందు లాక్ ఆర్డ్ చూసి, పడమరకు తిరిగి లండన్ బ్రిడ్జ్, గ్రాటో అనే రాతి గుహ, పీటర్‌బరో ఊరు దాటి బే ఆఫ్ ఐలండ్స్ చూశాం. బే ఆఫ్ ఐలండ్స్‌లో స్తంభాలు అపోసల్స్ కన్నా ఎక్కువ, జనం పదో వంతు కూడా లేరు. ఒక్కచోటే ఆగే వీలుంటే మేము దీన్నే ఎంచుకుంటాం. అక్కడి నుంచి వార్నాంబూల్ వెళ్లాం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అయితే లోగన్స్ బీచ్ మెరక మీదినుంచి పిల్లలతో వచ్చిన తిమింగలాలు కనిపిస్తాయి. ఫ్లాగ్‌స్టాఫ్ హిల్ మ్యూజియంలో లాక్ ఆర్డ్ నెమలి ఉంది. మెల్‌బోర్న్ ప్రదర్శన కోసం ఓడలో పంపిన మింటన్ కంపెనీ పింగాణీ నెమలి, దాదాపు మనిషి భుజమెత్తు. ఓడ ముక్కలై 52 మంది పోయిన చోట, ఆ నెమలి పెట్టెతో సహా ఒడ్డుకు కొట్టుకొచ్చింది.